వినిపించింది, కానీ నొక్కలేదు: ఒక థ్రెషోల్డ్ కేసు

వినికిడి పరీక్షలు చేయడం నా పని. ఈ కేసులో మొదటి తప్పు నాదే. అది ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలిక.

పేషెంట్ వయసు 61. ముప్పై ఏళ్లకు పైగా ఆడిట్ పని చేసి రిటైరయ్యారు. గుర్తుపట్టే వీలు లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. వెంట తీసుకొచ్చింది కూతురు, ఫిర్యాదు కూడా ఆమెదే. "పిలిస్తే పలకరు మేడమ్. రెండోసారి, మూడోసారి పిలవాలి. టీవీ నడుస్తుంటే ఇక అంతే." ఆయన్ని అడిగితే కాసేపు ఆలోచించి, "వినపడుతూనే ఉందమ్మా. మాట అర్థం కాదు ఒక్కోసారి," అన్నారు. రెండు చెవుల్లోనూ సన్నగా కీచుమనే మోత ఏడెనిమిదేళ్లుగా ఉందట. పగలు పట్టించుకోరు, రాత్రి పడుకున్నాక తెలుస్తుంది. చెవి నొప్పి, చీము కారడం, కళ్లు తిరగడం లేవు. పెద్ద మెషీన్ల రొదలో పనిచేసిన చరిత్ర లేదు. ఓటోస్కోప్‌తో చూస్తే కర్ణభేరి బాగుంది, టింపనోగ్రామ్ రెండు వైపులా 'ఎ' టైపు. అంటే మధ్య చెవిలో గొడవేమీ లేదు.

ఆరోజు బయట జనం ఉన్నారు. బూత్‌లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, బటన్ చేతికిచ్చి, రోజూ చెప్పే మాటే చెప్పాను: "సార్, కూతలాంటి శబ్దాలు వస్తాయి. స్పష్టంగా వినిపించినప్పుడు నొక్కండి."

'స్పష్టంగా' అన్న ఆ ఒక్క మాట నా ఖాతాలోది.

వచ్చిన ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఏ స్థాయి నుంచి వినపడుతుందో చూపే పటం, ఇది. అంకె పెద్దదైన కొద్దీ వినికిడి తక్కువని అర్థం, గీత కిందికి దిగుతుంది. కుడి చెవిలో 500 హెర్ట్జ్ దగ్గర 35 డెసిబెల్స్, 1000 దగ్గర 35, 2000 దగ్గర 45. ఎడమ చెవిలో 35, 40, 45. ఈ మూడు ఫ్రీక్వెన్సీల సగటు తీస్తే కుడి 38, ఎడమ 40. పైన 4000 దగ్గర 60, 8000 దగ్గర 65కి దిగిపోయింది. బోన్ కండక్షన్‌లో, అంటే ఎముక ద్వారా శబ్దాన్ని నేరుగా లోపలి చెవికి పంపినప్పుడు కూడా, దాదాపు ఇవే అంకెలు. కాగితం మీద చూస్తే ఏ తేడా కనిపించదు. అరవై దాటిన మనిషి, ఇంట్లోవాళ్ల ఫిర్యాదు, కుడివైపుకి వాలిన గీత. హియరింగ్ ఎయిడ్ ట్రయల్‌కి తేదీ కూడా రాసేశాను. స్పీచ్ టెస్ట్ అప్పుడే చేద్దాంలే అని వాయిదా వేశాను. అది నా రెండో తప్పు.

రిపోర్ట్ ప్రింట్ అవుతోంది. మా ప్రింటర్ పాతది, గరగరలాడుతుంది. నేను మాస్క్ పెట్టుకుని, ఆయనవైపు వీపు పెట్టి, కాగితం ఇరుక్కుందేమోనని చూస్తూ నాలో నేను మాట్లాడుకున్నట్టుగా, "ఇనీషియల్ ఒకటేనా, రెండా?" అన్నాను. వెనకనుంచి వెంటనే జవాబు వచ్చింది: "రెండు."

పెదాలు చూసే వీల్లేదు. గొంతు పెంచలేదు. పక్కన ప్రింటర్ మోత. 40 డెసిబెల్స్ పోయిన చెవికి ఆ మాట అంత సులువుగా అందకూడదు. ఒక్క జవాబుతో ఏదీ తేలదు, అదృష్టం కొద్దీ ఊహించి ఉండొచ్చు. కానీ ఊహించే మనిషి కాదాయన. నేనడిగిన ప్రతిదానికీ ఒక క్షణం ఆగి మరీ చెప్పారు. అనుమానం వచ్చి మళ్లీ బూత్‌లో కూర్చోమన్నాను.

ఈసారి స్పీచ్ రిసెప్షన్ థ్రెషోల్డ్ చేశాను. ఇందులో బటన్ ఉండదు. తెలిసిన రెండక్షరాల మాటలు క్రమంగా స్థాయి తగ్గిస్తూ వినిపిస్తాం, విన్నది తిరిగి చెప్పాలి. సగం మాటలు సరిగ్గా చెప్పగలిగిన స్థాయే థ్రెషోల్డ్. ఆయనకు రెండు చెవుల్లోనూ 20 వచ్చింది. టోన్ల (బటన్ టెస్ట్‌లోని కూత శబ్దాల) సగటుకీ, మాటల థ్రెషోల్డ్‌కీ మధ్య మామూలుగా 10 డెసిబెల్స్‌కి మించి తేడా ఉండకూడదు. ఇక్కడ కుడివైపు 18, ఎడమవైపు 20. మాట అంత బాగా పట్టే చెవి టోన్‌ని అంత పేలవంగా పట్టడం కుదరదు.

మా వృత్తిలో ఈ తేడా కనిపించగానే మనసు ఒకవైపే పరిగెత్తుతుంది: కావాలని నటిస్తున్నారేమో. నష్టపరిహారం, సర్టిఫికెట్, డ్యూటీ మినహాయింపు లాంటి లెక్కలుంటే అలా జరగడం కద్దు. ఈయనకు అలాంటి లాభం ఏదీ కనపడలేదు. పైగా వినపడుతోందని వాదిస్తున్నదే ఆయన. వినికిడి బాగా లేదని నటించాలనుకున్నవాళ్లు అలా అనరు. అయినా నిర్ధారించుకోవాలి కదా. ఓటోఅకూస్టిక్ ఎమిషన్స్ పెట్టాను. లోపలి చెవిలో శబ్దాన్ని పెంచి అందించే కణాలు (బయటి వరస హెయిర్ సెల్స్) ఆరోగ్యంగా ఉంటే, శబ్దానికి స్పందనగా చెవే సన్నటి శబ్దాన్ని తిరిగి పంపుతుంది. డేవిడ్ కెంప్ 1978లో దీన్ని బయటపెట్టారు. పేషెంట్ ఏమీ చెప్పక్కర్లేదు, నొక్కక్కర్లేదు, కదలకుండా కూర్చుంటే చాలు. వినికిడి నష్టం 30, 40 డెసిబెల్స్ దాటితే ఈ స్పందన సాధారణంగా రాదు. ఆయన చెవుల్లో 1000, 1500, 2000 దగ్గర చక్కగా వచ్చింది. 3000 దగ్గర బలహీనం, 4000 నుంచి పైకి లేదు. ఆడియోగ్రామ్ కాగితం మీద కుడివైపు సగం, అంటే పై ఫ్రీక్వెన్సీల్లో నష్టం, నిజమని, ఎడమవైపు సగం, అంటే కింది ఫ్రీక్వెన్సీలది, అనుమానించాల్సిందేనని దీంతో తేలింది.

చెవి సరిగ్గా ఉంది, మనిషి అబద్ధమాడడం లేదు. మరి 35 ఎక్కడిది?

మర్నాడు రమ్మన్నాను. ఈసారి హడావుడి పడకుండా, టోన్ ఇస్తూ బూత్ అద్దంలోంచి ఆయన చేతిని చూస్తూ కూర్చున్నాను. 1000 హెర్ట్జ్, 15 డెసిబెల్స్. బొటనవేలు బటన్ మీదకి కదిలి, ఆగింది. తల కాస్త పక్కకి వాలింది. 20: వేలు బటన్‌ని తాకింది, నొక్కలేదు. కళ్లు మూసుకున్నారు. 25: మళ్లీ తాకింది, మళ్లీ ఆగింది. 35 దగ్గర గట్టిగా, మొహరు వేసినట్టు నొక్కారు. చెవి 15 దగ్గరే చెప్పింది, చేయి 35 దాకా ఒప్పుకోలేదు.

బయటికొచ్చాక అడిగాను, ముందే ఏమైనా తెలిసిందా అని. "తెలిసినట్టే ఉంటుందమ్మా. కానీ అది మీ శబ్దమో నా చెవిలో మోతో ఎలా చెప్పను? మీరు స్పష్టంగా అన్నారు కదా. రూఢి కానిదే టిక్ పెట్టను నేను."

ముప్పై ఏళ్ల ఉద్యోగం ఆ వేలిలో ఉంది. తప్పు లెక్క మీద సంతకం పెడితే వచ్చే నష్టం ఎక్కువ, ఒకటి వదిలేసి మళ్లీ చూస్తే పోయేదేమీ లేదు. ఆ పద్ధతినే నా బూత్‌లోకి తెచ్చుకున్నారు. నేను 'స్పష్టంగా' అని దానికి ఆమోదముద్ర వేశాను.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. థ్రెషోల్డ్ అంటే గడప. పేరు వినగానే ఇవతల నిశ్శబ్దం, అవతల శబ్దం అనిపిస్తుంది. 1860లో జర్మన్ శాస్త్రవేత్త ఫెక్నర్ ఈ ఆలోచనని కొలతగా మార్చి, స్థాయిని మెట్లుమెట్లుగా పెంచుతూ తగ్గిస్తూ అడిగే పద్ధతితో సహా మూడు పద్ధతులు ఇచ్చాడు. కానీ కొలిచి చూస్తే గడప కనిపించదు, వాలు కనిపిస్తుంది. ఒకే మనిషికి ఒకే టోన్‌ని ఒకే స్థాయిలో ఇరవైసార్లు ఇస్తే కొన్నిసార్లు విన్నానంటాడు, కొన్నిసార్లు లేదంటాడు. అందుకే సగంసార్లు పట్టుబడే స్థాయిని థ్రెషోల్డ్ అని మనమే ఒప్పందం చేసుకున్నాం. క్లినిక్‌లో వాడే పద్ధతి, అంటే విన్నప్పుడు 10 తగ్గించడం, విననప్పుడు 5 పెంచడం, 1944లో హ్యూసన్, వెస్ట్‌లేక్ ప్రతిపాదించిన దాని సవరించిన రూపం. 1959లో కార్హార్ట్, జెర్గర్ దాన్ని స్థిరపరిచారు. పెంచుతూ వెళ్లేటప్పుడు కనీసం సగంసార్లు జవాబొచ్చిన అతితక్కువ స్థాయిని రాసుకుంటాం. అంకె ఐదు డెసిబెల్స్ మెట్ల మీద వస్తుంది కాబట్టి నికార్సుగా కనపడుతుంది. ఆడియోమీటర్ మీద సున్నా అంటే కూడా శబ్దం లేదని కాదు. చెవి బాగున్న యువకులు సగటున పట్టగలిగే స్థాయికి సున్నా అని పేరు పెట్టాం.

ఆ వాలులో ఇంకో చిక్కుంది. వినేవాడి లోపల ఎప్పుడూ కొంత మోత ఉంటుంది: నాడుల్లో తమంతట తాము పుట్టే సంకేతాలు, ఊపిరి, రక్తప్రవాహం, ఈయన విషయంలో పైగా టినిటస్, అంటే చెవిలో ఆ కీచు మోత. బయటి టోన్ ఆ మోతకి కొంచెం కలుపుతుంది, అంతే. "ఇంత ఉంటే టోన్ ఉన్నట్టు" అనే గీత మాత్రం వినేవాడే గీసుకోవాలి. రెండో ప్రపంచయుద్ధ కాలపు రాడార్ పరిశోధనల నుంచి ఎదిగి, 1954లో టానర్, స్వెట్స్ రాసిన పేపర్‌తో మనస్తత్వశాస్త్రంలోకి వచ్చిన సిగ్నల్ డిటెక్షన్ సిద్ధాంతం చెప్పేది ఇదే. పట్టగల శక్తి వేరు, ఒప్పుకునే గీత వేరు. మొదటిదాన్ని డీ-ప్రైమ్ అంటారు, రెండోదాన్ని క్రైటీరియన్. బటన్ నొక్కించే టెస్ట్ ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. కోర్సులో ఇది చదువుకున్నదే, పరీక్షల్లో రాసిందే. కానీ రోజుకి పదిమంది పేషెంట్ల మధ్య ఆడియోగ్రామ్ అంటే చెవి ఫోటో అన్నట్టు చూడడం అలవాటైపోతుంది.

తెలిసిపోయింది కదా అని అక్కడితో ఆపొచ్చు. కానీ ఆయన చేతికి ఒక రుజువు ఇవ్వాలనిపించింది. లేకపోతే ఒప్పుకునే రకం కాదు. కుడి చెవిలో 1000 హెర్ట్జ్, 15 డెసిబెల్స్ ఒక్క స్థాయే పెట్టుకున్నాను. చిన్న లైటు వెలిగినప్పుడల్లా టోన్ ఉందో లేదో చెప్పాలి. నలభైసార్లు లైటు, అందులో ఇరవైసార్లే టోన్, మిగతా ఇరవై ఖాళీ. వరస కలగాపులగం.

మొదటి రౌండ్‌లో "గ్యారంటీగా ఉంటేనే ఉందనండి" అన్నాను. టోన్ ఉన్న 20లో 9 పట్టారు, ఖాళీ 20లో ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. ఇక్కడో సంగతి గమనించాలి: ముందురోజు ఇదే స్థాయి దగ్గర ఒక్కసారీ నొక్కని మనిషి లైటు ఆసరా ఉండేసరికి 9 పట్టారు. శబ్దం ఎప్పుడొస్తుందో తెలియకపోవడం కూడా వినికిడిని కష్టం చేస్తుంది. రెండో రౌండ్‌లో మాట మార్చాను: "ఏ కాస్త అనిపించినా ఉందనండి. తప్పైతే నాకేం కాదు, మీకేం కాదు." ఈసారి 20లో 17 పట్టారు. ఖాళీల్లో 4 సార్లు లేనిదాన్ని ఉందన్నారు.

లెక్క వేస్తే మొదటి రౌండ్ డీ-ప్రైమ్ సుమారు 1.8, రెండోది 1.9. మొదటిదాంట్లో తప్పులు సున్నా కాబట్టి లెక్క కుదరడానికి మామూలుగా చేసే చిన్న సవరణ చేయాల్సి వచ్చింది, అంటే సున్నా బదులు అర తప్పు అనుకోవడం. ఇరవై ప్రయత్నాలతో వచ్చిన అంకెలు ముతకవే, వాటిని బల్లగుద్ది చెప్పను. అయినా పట్టిన టోన్లు 45 శాతం నుంచి 85 శాతానికి ఎగబాకినా శక్తి ఉన్నచోటే ఉంది. కదిలింది గీత.

మూడో రౌండ్ క్రైటీరియన్‌ని దాదాపుగా పక్కన పెట్టేసేది. లైటు రెండుసార్లు వెలుగుతుంది, టోన్ ఏదో ఒకదాంట్లో తప్పకుండా ఉంటుంది. మొదటిదా, రెండోదా చెప్పాలి. తెలియదు అనే జవాబు లేదు. ఆయనకిది నచ్చలేదు. "తెలియకుండా ఎలా చెప్పేది?" అని మూడుసార్లు అడిగారు. "నోటికొచ్చింది చెప్పండి సార్," అన్నాను. ఇరవైలో 18 సరిగ్గా చెప్పారు. చీటీ చూపించినప్పుడు ఆయన మొహంలో సంతోషం కాదు, చిరాకు కనిపించింది. "వీటిలో సగానికి పైగా నేను ఊరికే అన్నవే," అన్నారు. ఊరికే అంటే సగటున పది రావాలి. పద్దెనిమిది రావన్న సంగతి ఆయనకి వేరే చెప్పక్కర్లేదు, లెక్కల మనిషి.

తర్వాత ఆడియోగ్రామ్ మళ్లీ మొదటినుంచి తీశాను. రెండు మార్పులు చేశాను. సూచన: "ఎంత చిన్నగా ఉన్నా, ఉందేమో అనిపించినా నొక్కండి." టోన్: ఏకధాటిగా కాకుండా, ఆగి ఆగి వచ్చే పల్స్ టోన్. చెవిలో నిరంతరం మోత ఉన్నవాళ్లకి ఏకధాటి టోన్‌ని దాన్నుంచి విడదీయడం కష్టం, తాళం వేసినట్టు వచ్చేది వెంటనే వేరుగా తెలుస్తుంది. ఇది మొదటిరోజే చేయాల్సిన పని. టినిటస్ ఉందని నా చేత్తో నేనే రాసుకున్నాను కూడా. మధ్యమధ్య టోన్ ఇవ్వకుండా చేయి బటన్ మీదకి పోతుందేమో చూశాను. నాలుగైదుసార్లు పోయింది. అంతకంటే ఎక్కువైతే గీత మరీ కిందికి జారిందని అర్థం, అప్పుడు వచ్చే థ్రెషోల్డ్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపించే ప్రమాదం ఉంటుంది.

కొత్త అంకెలు: కుడి 15, 15, 20. ఎడమ 15, 15, 25. సగటు 17, 18. మాటల థ్రెషోల్డ్ 20కి ఇప్పుడు సరిపోయింది. 4000 దగ్గర కుడి 40, ఎడమ 45. 8000 దగ్గర 50, 55. ఎమిషన్స్ చెప్పినదానితో పొసిగింది. కింది ఫ్రీక్వెన్సీల్లో వినికిడి మామూలే. పైన ఉన్నది వయసుతో వచ్చే నష్టం, అది నిజం.

ముందు రాసిన తేదీకి హియరింగ్ ఎయిడ్ పెట్టేసి ఉంటే ఏమయ్యేది? పరికరం ఎంత పెంచాలో ఆడియోగ్రామ్‌ని బట్టే నిర్ణయిస్తాం. 15 డెసిబెల్స్ చెవికి 35 డెసిబెల్స్ చెవి లెక్కన ఇస్తే తలుపు చప్పుడు, గిన్నె చప్పుడు, తన గొంతు అన్నీ భరించలేనంత అవుతాయి. నాలుగు రోజులు పెట్టుకుని సొరుగులో పడేసేవారు. 'ఈయనకు అలవాటు కాలేదు' అని మేం ఫైల్లో రాసుకునేవాళ్లం. అలా రాసుకున్న ఫైళ్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. అందులో ఎన్ని వేళ్లు బటన్ మీద ఆగాయో ఇప్పుడు తెలుసుకునే మార్గం లేదు.

ఇక కూతురి ఫిర్యాదు. చెవి ఇంత బాగుంటే పిలిస్తే ఎందుకు పలకరు? రెండు కారణాలు కలిసి ఉన్నాయని నా అంచనా. ఒకటి చెవిది. స, శ, చ లాంటి హల్లుల బలమంతా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. నిశ్శబ్దంలో మిగతా మాటని బట్టి పూరించుకోవచ్చు, టీవీ మోతలో ఆ ఆసరా పోతుంది. మోతలో మాటల టెస్ట్ పెడితే ఇదే కనిపించింది. నిశ్శబ్దంలో మాటలు దాదాపు అన్నీ సరిగ్గా చెప్పిన ఆయన, మోత మాటతో సమానం అయ్యేసరికి తడబడ్డారు. రెండోది మళ్లీ గీతే. తనని పిలిచారో లేదో రూఢి కాకపోతే పలకరు. కూతురితో ఈ మాట అంటే ఆమె నవ్వి, "అవును మేడమ్. ఒక్కోసారి తల ఇటు తిప్పుతారు, నోరు మెదపరు. వినపడలేదేమో అనుకుని నేను అరుస్తాను," అంది. ఆ తల తిప్పడమూ బూత్‌లో బటన్ మీద వేలు ఆగడమూ నాకు ఒకటిగానే అనిపించాయి.

ఇచ్చిన సలహా పెద్దదేమీ కాదు. ఇప్పటికి పరికరం వద్దు. పిలిచేటప్పుడు ముందు పేరో, వరసో చెప్పి ఒక క్షణం ఆగి తర్వాత విషయం చెప్పాలి, బూత్‌లో లైటు చేసిన పని అదే. టీవీ ఉంటే దగ్గరికొచ్చి మాట్లాడాలి. ఆయన వైపునుంచి ఒకే పని: అనుమానంగా ఉంటే "నన్నేనా?" అని అడగాలి. తప్పుగా అడిగినా సరే.

ఆరు నెలల తర్వాత వచ్చారు. అంకెలు ఐదు డెసిబెల్స్ తేడాలో అక్కడే ఉన్నాయి. 4000 దగ్గర నష్టం ఉంది, మోత ఉంది, టీవీ ముందు ఇబ్బంది కాస్త తగ్గిందే తప్ప పోలేదు. పై ఫ్రీక్వెన్సీల్ని మాత్రమే కొద్దిగా పెంచే పరికరం ఒకసారి ప్రయత్నించి చూడొచ్చు అన్నాను. ఆలోచించి చెబుతానన్నారు. టెస్ట్ మధ్యలో టోన్ లేనప్పుడు మూడుసార్లు నొక్కారు. హెడ్‌ఫోన్లు తీస్తూ, "ఎన్ని తప్పులు?" అని అడిగారు. మూడన్నాను. "రెండనుకున్నానే," అన్నారు. ఆ మూడోది ఎక్కడ నొక్కారో షీట్ మీద చూపించమన్నారు. చూపించాను.